చెరిపేసిన గెనిమ పైరులో కనిపించింది: పైనుంచి చూసి పాత గట్లు గుర్తుపట్టడం ఎలా?

పైన ఉన్న వీడియో చూసినవాళ్లకు సగం కథ తెలిసే ఉంటుంది. వీడియోలో టైము సరిపోక వదిలేసినవి, తర్వాత చాలామంది ఫోన్ చేసి అడిగినవి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. వీడియో చూడనివాళ్లు ముందు ఇది చదివి తర్వాత చూసినా ఏమీ ఇబ్బంది లేదు.

మాది అనంతపురం జిల్లా. మెట్ట, ఎర్రనేల. వేరుశనగ వేస్తాం, దాంతోపాటు కంది, సజ్జ, కొర్ర. 2018 నుంచి పూర్తిగా ప్రకృతి వ్యవసాయం. మా కాయలతోనే గానుగ నూనె ఆడించి అమ్ముతున్నాను. ఆ నూనె గురించి ఒక వీడియో చేద్దామని 2023 ఆగస్టులో మా ఊరి కుర్రాణ్ణి పిలిచాను. పెళ్లిళ్లకు డ్రోన్ షాట్లు తీస్తాడు. చేను పైనుంచి అందంగా కనపడాలని నా ఆశ. ఆ ఆగస్టు ఎలాంటిదో మీకూ గుర్తుండే ఉంటుంది. దేశం మొత్తం మీద చూస్తే 1901 తర్వాత అంత తక్కువ వాన పడిన ఆగస్టు లేదు. మా దగ్గర మూడు వారాలు చినుకు లేదు. అందం సంగతి దేవుడెరుగు, పైరు మధ్యాహ్నానికి ఆకు ముడుచుకుంటోంది.

డ్రోన్ అరవై మీటర్లు లేచాక ఆ అబ్బాయి ఫోన్ నా చేతికిచ్చి, "అన్నా, ఇక్కడ ఎరువు ఎక్కువ పడినట్టుంది, చూడు" అన్నాడు. చేను అడ్డంగా మూడు పచ్చని పట్టీలు. ఒక్కోటి పది, పన్నెండు అడుగుల వెడల్పు. ప్రతి పట్టీ కిందివైపు అంచున సన్నగా ఒక పాలిపోయిన గీత. దాని కింద ఇంకా బలహీనమైన పైరు. కింద నిలబడి చూస్తే అక్కడొక పచ్చ మొక్క, ఇక్కడొక వాడిన మొక్క, అంతే. పైనుంచి చూస్తే ముగ్గుకర్రతో గీసినట్టు గీతలు. కానీ తిన్నగా లేవు. కొద్దిగా వంపు తిరిగి ఉన్నాయి. ట్రాక్టర్ సాళ్లు అలా వంపు తిరగవు. ద్రవ జీవామృతం ఎకరాకు 200 లీటర్లు అంతటా ఒకేలా పోశాం కాబట్టి అది కూడా కారణం కాదు.

ఆ రాత్రి ఇంట్లో టీవీకి ఫోన్ కలిపి నాయనకు చూపించాను. ఆయన ఒక నిమిషం చూశాడు. "నడిమి గెనిమ కదరా అది. పైది, కిందిది గూడా ఉండాయి" అన్నాడు. ఇంకేమీ అనలేదు, భోజనానికి లేచిపోయాడు.

మా వైపు గట్టును గెనిమ అంటాం. ఆ మూడు గెనిమలనూ 2010 మే నెలలో తీసేయించింది నేనే. అప్పుడు నేను అగ్రికల్చర్ డిప్లొమా పూర్తి చేసి ఏడాది. మా చేను 4 ఎకరాల 60 సెంట్లు, అడ్డం 110 మీటర్లు, వాలు మీద పొడవు 170 మీటర్లు. మూడు గెనిమలు, ఒక్కోటి మీటరున్నర వెడల్పు. లెక్క వేస్తే 495 చదరపు మీటర్లు, అంటే 12 సెంట్ల నేల గడ్డికి, తేళ్లకు పోతోందని నాయనతో వాదించాను. ట్రాక్టర్ తిప్పుకోవడానికి కష్టం, డీజిల్ దండగ అని కూడా చెప్పాను. చదువుకున్న కొడుకు చెబుతున్నాడని ఆయన ఒప్పుకున్నాడు. జేసీబీ ఐదు గంటల్లో పని ముగించింది. కాగితం మీద ఆ లెక్కలో తప్పు లేదు. నేను లెక్కలోకి తీసుకోనిది ఇంకొకటి ఉంది, అది ఈ డ్రోన్ వీడియోలో బయటపడింది.

గట్టు పోయినా గీత ఎందుకు మిగులుతుంది?

వాలు మీద ఉన్న చేనులో ప్రతి దున్నకానికీ, ప్రతి వానకూ మట్టి కొంచెం కొంచెం కిందికి జరుగుతుంది. గట్టు దగ్గర ఆగుతుంది. ఏటా ఒక పలుచని పొర. యాభై, అరవై ఏళ్లకు గట్టుకు పైవైపున లోతైన మెత్తటి మట్టి చేరుతుంది. అదే గట్టుకు కిందివైపున ఏం జరుగుతుంది? అక్కడి మట్టి కిందికి పోతుంది, పైనుంచి వచ్చి పూడ్చే మట్టిని గట్టు ఆపేస్తుంది. కాబట్టి గట్టు కింద నేల పలచబడుతుంది. అలా చేను మెట్లు మెట్లుగా మారుతుంది. మా తాత మెట్లు కట్టలేదు. గెనిమ వేసి వదిలేశాడు, మెట్లు వాటంతట అవే తయారయ్యాయి.

జేసీబీ పైన కనపడే గెనిమను తోసేసింది, మెట్టు అంచును చదును చేసింది. కానీ పైవైపు చేరిన లోతు మట్టి చాలావరకు అక్కడే ఉంది. గెనిమ పునాదిలో పేర్చిన రాళ్లు కొన్ని లోపలే ఉండిపోయాయి. బాగా వానలు పడితే ఈ తేడా ఎవరికీ తెలియదు, అంతటా పచ్చగానే ఉంటుంది. బెట్ట వచ్చినప్పుడే లోతు మట్టిలో తేమ మిగిలి అక్కడి పైరు పచ్చగా నిలబడుతుంది. రాళ్లున్న చోట, గరుసు తగిలే చోట ముందు వాడిపోతుంది. పచ్చ పట్టీ, దాని కింద పాలిపోయిన గీత, రెండూ జంటగా కనపడితే అది పాత గట్టు అయ్యే అవకాశం బాగా ఉంది. ఒక్క పచ్చ గీత మాత్రమే సన్నగా పొడవుగా ఉంటే అది పూడిపోయిన కాలువో, కందకమో కావచ్చు. కాలువలో చేరిన మట్టి మెత్తగా ఉంటుంది, తేమ పట్టుకుంటుంది. మొత్తం పాలిపోయిన గీత ఉంటే లోపల గోడ గానీ, గట్టిపడిన బాట గానీ ఉందనుకోవాలి.

ఇది నేను కనిపెట్టిన విషయమేమీ కాదు. ఇంగ్లండ్‌లో వందేళ్ల క్రితమే దీన్ని శాస్త్రంగా మార్చారు. ఓ.జి.ఎస్. క్రాఫర్డ్ అని ఒకాయన. భూగోళశాస్త్రం చదివాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో విమానంలో పరిశీలకుడిగా పనిచేశాడు, 1918లో జర్మన్లకు చిక్కి ఖైదీగా కూడా ఉన్నాడు. 1920లో ఆ దేశపు సర్వే సంస్థ ఆర్డినెన్స్ సర్వేలో పురావస్తు అధికారిగా చేరాడు. 1922లో వైమానిక దళం వాళ్లు తీసిన కొన్ని ఫొటోలు ఆయనకు చూపించారు. పచ్చిక బయళ్ల మీద చిన్న చిన్న గళ్లు. ఆయన వెంటనే గుర్తుపట్టాడు, అవి వేల ఏళ్ల నాటి పొలాల హద్దులు. అక్కడి గళ్లు కూడా మా చేనులో లాగానే దున్నకంతో మట్టి జరిగి ఏర్పడిన మెట్ల అంచులే. ఆ అంచులే ఫొటోలో గీతలుగా వచ్చాయి. ఆయన వాటికి 'కెల్టిక్ పొలాలు' అని పేరు పెట్టాడు. నిజానికి వాటిలో చాలావరకు అంతకంటే పాతవని తర్వాత తేలింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. 1928లో అలెగ్జాండర్ కీలర్‌తో కలిసి ఆయన ప్రచురించిన 'వెసెక్స్ ఫ్రమ్ ది ఎయిర్' పుస్తకంలో ఈ ఫొటోలు చాలా ఉన్నాయి.

క్రాఫర్డ్ దగ్గర నాకు బాగా నచ్చింది ఇంకొకటి. స్టోన్‌హెంజ్ దగ్గర ఒక పాత దారి ఎటు పోయిందో తెలియకుండా పోతే, 1921లో తీసిన వైమానిక ఫొటోల్లో దాని గీత పట్టుకున్నాడు. పట్టుకుని పేపర్లో వేసుకుని ఊరుకోలేదు. 1923లో వెళ్లి అక్కడ తవ్వి, కందకం నిజంగా ఉందని చూశాకే నమ్మాడు. ఫొటో అనుమానం ఇస్తుంది, గడ్డపార రుజువు ఇస్తుంది. నేను ఈ వరస పాటించకపోవడం వల్ల ఇంట్లో జరిగిన గొడవ కింద చెబుతాను.

బెట్ట ఏడాదుల్లోనే ఇవి బాగా కనపడతాయని చెప్పాను కదా. 2018 వేసవిలో బ్రిటన్, ఐర్లండ్‌లలో అలాంటి ఎండలే కాశాయి. ఐర్లండ్‌లో న్యూగ్రేంజ్ దగ్గర ఇద్దరు డ్రోన్ ఎగరేస్తే అంతకు ముందు ఎవరికీ తెలియని ఒక పెద్ద వలయం పైరులో కనపడింది. పైరు కోసేశాక, వానలు పడ్డాక మళ్లీ మాయం. మనకు బెట్ట అంటే గుండె జారుతుంది గానీ, నేల లోపలి సంగతి చూడాలంటే అదే సమయం.

చెట్లు కమ్మేసిన చోట ఎలా? దానికి లైడార్ అని ఒక పద్ధతి ఉంది. విమానం నుంచి లేజర్ కిరణాలు వదులుతారు. చాలావరకు ఆకుల మీద పడి తిరిగి వస్తాయి, కొన్ని సందుల్లోంచి నేలదాకా పోయి తిరిగి వస్తాయి. నేలను తాకినవి మాత్రమే ఏరి పటం గీస్తే చెట్లు తీసేసిన నేల కనపడుతుంది. అమెరికాలో న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో ఒకప్పుడు రైతులు వదిలేసి పోయిన పొలాలు అడవులైపోయాయి. కనెక్టికట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు లైడార్‌తో ఆ అడవి కింద పాత రాతి గట్లు, బాటలు బయటపెట్టి 2014లో వివరంగా ప్రచురించారు. మనలాంటి రైతు చేసుకునే పని కాదులెండి. ముందుకు పోదాం.

గుచ్చి చూసిన కథ

సెప్టెంబర్‌లో వాన పడ్డాక నేల మెత్తబడింది. అర అంగుళం ఇనప కడ్డీ తీసుకుని, దాని మీద అంగుళాలు గీతలు పెట్టుకుని, చేను పైనుంచి కిందికి మూడు వరసల్లో రెండు మీటర్లకొక పోటు వేశాను. వరసకు 85 పోట్లు. సాళ్ల మధ్యలో కాబట్టి పైరుకు నష్టం లేదు. ఈ ఆలోచన కూడా ఐర్లండ్ నుంచే తెచ్చుకున్నాను. అక్కడ మేయో కౌంటీలో కేజ ఫీల్డ్స్ అనే చోట బురద పీట్ కింద వేల ఏళ్ల నాటి రాతి గట్లు ఉన్నాయి. 1930లలో పాట్రిక్ కాల్‌ఫీల్డ్ అనే బడిపంతులు పీట్ తవ్వకాల్లో బయటపడుతున్న రాళ్ల వరసలు గమనించాడు. తర్వాత ఆయన కొడుకు షేమస్ పురావస్తు పండితుడై, తవ్వకుండానే ఇనప కడ్డీలు గుచ్చుకుంటూ మైళ్ల పొడవునా ఆ గట్ల పటం గీశాడు.

నా కడ్డీ లెక్క ఇలా వచ్చింది. పచ్చ పట్టీల్లో 26 నుంచి 28 అంగుళాలు దిగింది. పాలిపోయిన గీతలో నాలుగు అంగుళాలకే టక్కుమని రాయి. దాని కింద పది మీటర్ల దాకా 8, 9 అంగుళాలకే గరుసు. ఒక చేనులో, ఒక సర్వే నంబర్లో ఇంత తేడా! నేను ఘన జీవామృతం వేసి, నవధాన్యాలు చల్లి, ఐదేళ్లుగా 'నేల ఇంకా మారట్లేదేంటి' అని బాధపడుతున్న చోట్లు సరిగ్గా ఈ 9 అంగుళాల చోట్లే. కాయలు పీకి చూస్తే అక్కడ చెట్టుకు ఐదారు, పచ్చ పట్టీలో ఇరవై దాకా ఉన్నాయి.

గెనిమ తీసిన మొదటి మూడేళ్లు పంట బాగానే వచ్చింది. ఆ మంచి మట్టిని చేనంతా పరిచాం కదా, అందుకు. అప్పుడు నేను నాయన ముందు గొప్పగా తిరిగాను. నష్టం తర్వాత మొదలైంది. గెనిమలున్నప్పుడు వాన నీరు నలభై మీటర్లు నడిచి ఆగేది. తీసేశాక 170 మీటర్లు ఆగకుండా పరిగెత్తింది. నీరు ఎంత దూరం ఆగకుండా పోతే అంత చేరుతుంది, అంత వేగం పెరుగుతుంది, అంత మట్టి మోస్తుంది. వంక వైపు మూలలో నడుము లోతు కోత పడితే 'వానలు మారిపోయాయి' అనుకున్నాం. వానలు మారిన మాట నిజమే గానీ ఆ కోత మాత్రం మేం చేసుకున్నదే.

డ్రోన్ లేకపోతే?

చాలామంది అడిగింది ఇదే. డ్రోన్ కంటే ముందు కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో పెట్టుకోండి, ఉచితం. పైన గడియారం బొమ్మ ఉంటుంది, అది నొక్కితే మీ చేను పాత ఫొటోలు తేదీలతో సహా వస్తాయి. ఒక్క ఫొటో చూసి వదిలేయొద్దు. వేసవి దుక్కి తర్వాతివి, ఆగస్టు బెట్టలోవి వెతకండి. వేసవి ఫొటోలో పైరు ఉండదు కాబట్టి మట్టి రంగు తేడా తెలుస్తుంది. మా చేనుకు 2010కి ముందు తీసిన ఒక ఫొటో దొరికింది. మూడు గెనిమలూ, వాటి మీద రేగు పొదలూ చుక్కల్లా ఉన్నాయి. డ్రోన్ ఫొటోలోని పట్టీల మీద దాన్ని పెట్టి చూస్తే సరిగ్గా కలిశాయి. మన ఎన్.ఆర్.ఎస్.సి. వాళ్ల భువన్‌లో కూడా చూడొచ్చు.

ఇంకా వెనక్కి పోవాలంటే అమెరికావాళ్లు 1960 నుంచి 1972 దాకా కరోనా అనే గూఢచారి ఉపగ్రహాలతో తీసిన ఫొటోలున్నాయి. 1995లో వాటిని బయటపెట్టారు. యు.ఎస్.జి.ఎస్. ఎర్త్ ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో ఇప్పటికే స్కాన్ చేసి ఉన్నవి ఉచితంగా దిగుమతి చేసుకోవచ్చు. నలుపు తెలుపు ఫొటోలు, అన్ని ఊళ్లకూ స్పష్టంగా ఉండవు, ఫిల్ములో మీ ఊరు పట్టుకోవడానికే ఓ సాయంత్రం పోతుంది. చెరువు ఆకారం పట్టుకుని అక్కడి నుంచి వెతకడం తేలిక. ట్రాక్టర్లు, జేసీబీలు రాకముందు నాటి చేలు ఎలా ఉండేవో చూడాలంటే ఇంతకు మించినది దొరకదు. ఊళ్లో పెద్దవాళ్లకు చూపించండి, వాళ్లు చెప్పేది రికార్డు చేసుకోండి.

డ్రోన్ ఎగరేసేవాళ్లకు రెండు మాటలు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు, అంతకు లోపు ఉన్న నానో డ్రోన్‌కు పైలట్ లైసెన్స్ అక్కర్లేదు. అయినా మీ చేను గ్రీన్ జోన్‌లో ఉందో లేదో డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోవాలి. గ్రీన్ జోన్‌లో మామూలుగా 400 అడుగుల దాకా పోవచ్చు, మన పనికి రెండొందల అడుగులు చాలు. పక్కవాళ్ల ఇళ్ల మీదికి కెమెరా తిప్పకండి, ఊళ్లో లేనిపోని తగాదాలు.

ఏ వేళలో తీయాలనేది ముఖ్యం. ఎత్తుపల్లాలు తెలియాలంటే పొద్దున ఆరున్నర, ఏడు మధ్య గానీ, పొద్దు గూకే ముందు గానీ తీయాలి. అప్పుడు జానెడు ఎత్తు అంచుకు కూడా నీడ పడుతుంది. మధ్యాహ్నం తీస్తే నేల అంతా చదునే. దుక్కి నేలలో అయితే వాన పడిన రెండో రోజు, మూడో రోజు తీయండి. కొన్ని చోట్లు ముందు ఆరి తెల్లబడతాయి, లోతు మట్టి ఉన్న చోట ఇంకా ముదురుగా ఉంటుంది. పైరులో చూడాలంటే బెట్ట పదిహేను, ఇరవై రోజులు పడ్డాక. సజ్జ, కొర్ర, జొన్న లాంటివి వేరుశనగ కంటే తేడా బాగా చూపిస్తాయి, ఎత్తులోనూ తేడా వస్తుంది కాబట్టి.

మనలాంటివాళ్లకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఒకే పంట వేసిన చేనులో ఈ గీతలు తేలిగ్గా కనపడతాయి. నవధాన్యాలు చల్లి, ఆచ్ఛాదన పరిచి, పది రకాలు కలిపి పెంచే మన చేలల్లో పచ్చదనమే పది రంగులు. గీత అందులో కలిసిపోతుంది. నేను ఆ ఏడాది ఆ చేనులో అంతరపంటలు ఆలస్యంగా వేశాను కాబట్టి కనపడింది. మీరైతే ముందస్తు విత్తనానికి ముందు, నేల ఖాళీగా ఉన్న ఆ కొద్ది రోజుల్లో ఒకసారి తీసి పెట్టుకోండి.

గీతలన్నీ గట్లు కావు

ఇప్పుడు గొడవ సంగతి. అదే డ్రోన్ ఫొటోలో తూర్పు వైపు, మా చిన్నాయన చేను పక్కన, మా హద్దుకు ఆరు మీటర్లు లోపల పై నుంచి కింది దాకా ఒక పాలిపోయిన గీత ఉంది. నేను ఉత్సాహం కొద్దీ ఫొటో కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. రెండో రోజు మా చిన్నాయన కొడుకు ఫోన్. "అన్నా, అసలు హద్దు గెనిమ అదే గదా. మీరు మా వైపు జరిగినారు అన్నట్టే కదా?" అన్నాడు. ఆరు మీటర్లు అంటే 170 మీటర్ల పొడవుకు పాతిక సెంట్లు. నవ్వుతూ అడిగిన మాట కాదది. నెల రోజులు రెండిళ్ల మధ్య మాటల్లేవు. మా చిన్నమ్మ పండగకు రాలేదు.

చివరికి ఇద్దరం కలిసి సర్వేకు అర్జీ పెట్టాం. ఎఫ్.ఎం.బి. అంటే ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, ఒక్కో సర్వే నంబర్ కొలతల పటం. మన పాతవాటిలో కొలతలు గొలుసు లెక్కన ఉంటాయి. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఆ పటంలో మూల రాళ్ల మధ్య దూరాలు రాసి ఉంటాయి, వాటిని పట్టుకునే హద్దు నిలబెడతారు. కొలిస్తే రాయి ఉన్న చోటే ఉంది. హద్దు ఇంచు కూడా జరగలేదు.

మరి ఆ గీత ఏంటి? మళ్లీ ఫొటో పెద్దది చేసి చూస్తే అది ఒక గీత కాదు, పక్కపక్కన రెండు గీతలు, మధ్య సుమారు ఐదు అడుగులు. పక్క చేను అవ్వను అడిగితే, "బండ్లు పోయ్యే బాట నాయనా అది, చెరువు మట్టి తోలుకుంటాంటిమి" అంది. ఎద్దుల బండి చక్రాల దారి! ఏళ్ల తరబడి నలిగి గట్టిపడిన నేల. కడ్డీ గుచ్చితే ఆరు అంగుళాల దగ్గర గట్టి పొర తగిలింది, దాని కింద మళ్లీ మెత్తన. రాయి లేదు, లోతు మట్టి లేదు. ముందే గుచ్చి చూసి ఉంటే, ముందే ఆమెను అడిగి ఉంటే నెల రోజుల మౌనం ఉండేది కాదు.

కాబట్టి పైనుంచి కనపడే గీత చట్టం దృష్టిలో హద్దు కాదు. ఎఫ్.ఎం.బి.లో, తెలంగాణ మిత్రులకైతే టిప్పన్‌లో ఉన్నదే హద్దు. ఆంధ్రాలో 2020 డిసెంబర్‌లో మొదలైన రీసర్వేలో డ్రోన్లు వాడారు, కానీ వాటి వెనక కార్స్ స్టేషన్లు, రోవర్లు, నేల మీద గుర్తులు ఉంటాయి. సెంటీమీటర్ల తేడాతో కొలవగలిగేది అందుకే. మన ఫోన్ జీపీఎస్ మూడు నుంచి ఐదు మీటర్లు అటూఇటూ చూపిస్తుంది. పెళ్లి డ్రోన్ కూడా అంతే. ఇంకొకటి, ఎఫ్.ఎం.బి.లో సర్వే నంబర్ల, సబ్‌డివిజన్ల హద్దులే ఉంటాయి. మా తాత చేను లోపల వేసుకున్న గెనిమలు ఏ కాగితంలోనూ లేవు. అవి కావాలంటే నేలనే అడగాలి.

మోసం చేసే గుర్తులు ఇంకా ఉన్నాయి. గొర్రెల మంద తోలించిన చోటు పైనుంచి కొలిచినట్టు నలుచదరంగా పచ్చగా కనపడుతుంది. దిబ్బ వేసిన చోటు గుండ్రటి పచ్చ మచ్చ. పాత కళ్లం ఉంటే గుండ్రంగా పాలిపోయి ఉంటుంది. డ్రిప్పు పైపులు వేసిన చేనులో తిన్నటి గీతలు వస్తాయి, వాటిని పట్టించుకోవద్దు. మా వీడియో కింద ఒకాయన తన చేనులో పచ్చ చదరం ఫొటో పంపి 'ఇది పాత కోట అయ్యుంటుందా' అని అడిగారు. మంద తోలించారా అని అడిగితే అవునన్నారు.

మళ్లీ వేసిన గెనిమలు

2024 మే నెలలో పైది, నడిమిది మళ్లీ వేశాం. సరిగ్గా పాత చోటనే వేయాలా, కొత్తగా కాంటూరు గీసుకోవాలా అని నాకు సందేహం. ట్యూబు లెవల్ పట్టి పాత గీత మీద కొలిచాను. 110 మీటర్ల పొడవులో వంక వైపు మూలకు 20 సెంటీమీటర్ల దిగుడు, అంతే. దాదాపు సమతల రేఖ, నీరు మెల్లగా ఒక వైపు పోయేంత వాలు. ఆ చివర కడ్డీకి రాళ్లు గుంపుగా తగిలాయి, తీసి చూస్తే పలకలుగా పేర్చినవి. ఎక్కువైన నీళ్లు గెనిమను కోయకుండా దిగిపోవడానికి మా తాత కట్టిన చిన్న మరవ. డిప్లొమాలో నేను పరీక్ష రాసి పాసైన పాఠం ఇదే. తాత సంతకం కూడా చేయలేడు, వేలిముద్రే.

పాత చోటే ఖాయం చేశాం. మట్టి పైవైపు నుంచి విడివిడి గుంతలుగా తీశాం, అవే నీరు ఇంకే గుంతలయ్యాయి. గెనిమ రెండడుగుల ఎత్తు, పునాదికి తీసిన రాళ్లనే కిందివైపు పేర్చాం. తీయడానికి ఐదు గంటలు పట్టిన చోట రెండు వేయడానికి జేసీబీకి తొమ్మిది గంటలు, ఎనిమిది మంది కూలీలకు రెండు రోజులు. ఖర్చు ఇరవై వేలు దాటింది. ట్రాక్టర్ దాటడానికి ఒక చివర పన్నెండు అడుగులు వదిలాం. అప్పుడు నేను చెప్పిన 'తిప్పుకోవడం కష్టం' అనేదానికి మందు ఇంతే! గెనిమ మీద కంది, ఆముదం, గ్లైరిసిడియా పెట్టాం. 12 సెంట్లు దండగ అన్న నేల మీదే ఇప్పుడు ఆచ్ఛాదనకు కావలసిన ఆకు దొరుకుతోంది.

దిగుబడి పెరిగిందని ఇప్పుడే చెప్పను. పోయిన మట్టి ఒక వానాకాలానికి తిరిగి రాదు. కానీ మొదటి పెద్ద వానకు నడిమి గెనిమ వెనక నీళ్లు నిలబడ్డాయి, తెల్లారేసరికి ఇంకిపోయాయి. మరవ దగ్గర దిగిన నీళ్లు పలచగా ఉన్నాయి, ఎర్రగా లేవు. మూల కోత కిందికి పెరగలేదు. 9 అంగుళాల చోట్లలో వేరుశనగ మానేసి రెండేళ్లు ఉలవ, పిల్లిపెసర పెడుతున్నాం.

మూడో గెనిమ ఇంకా వేయలేదు. అది చిన్నాయన వాళ్ల చేనులోకి కూడా సాగి ఉంది, ఒకప్పుడు ఇద్దరిదీ ఒకే చేను కదా. మేం మా వైపే వేస్తే నీళ్లన్నీ వాళ్ల మీదికి మళ్లుతాయి. వేస్తే రెండు చేలకూ కలిపి ఒకేసారి వేయాలి. మొన్న నాయనే కడ్డీ తీసుకుని వాళ్ల చేనులోకి పోయాడు. మా తమ్ముడు వెనక పుస్తకం పట్టుకుని అంగుళాలు రాసుకుంటూ నడిచాడు. ఇప్పటికి నలభై పోట్లు అయ్యాయి. మిగతావి వాన పడి నేల మెత్తబడ్డాక.